ఏడు విడుదలల విరామము

రాబోవు విడుదలలో క్రొత్తగా నేమేమి చేర్పవలయునని యోచించుట ఏ లినక్సు డిస్ట్రిబ్యూషను నిర్వాహకులకైనను ఉత్సాహకరమైన కార్యమే. కాని, ఇప్పటికే నడుచుచున్న సర్వర్లకు పునాదిగా నున్న యొక సౌకర్యమును ఆ విడుదలలో ఈయజాలమని ముందుగానే నిశ్చయించి, ఆ సంగతిని వాడుకరులకు దాపరికము లేకుండ తెలియజెప్పుట మాత్రము మిక్కిలి కష్టమైన పని. అమెరికాలోని రెడ్ హ్యాట్ సంస్థ ప్రాపున నడచు ఫెడోరా ప్రాజెక్టు, 2008వ సంవత్సరము మే నెలలో వెలువరించిన తన తొమ్మిదవ విడుదల విషయమున అట్టి నిశ్చయమునే చేసెను. జెన్ అను హైపర్‌వైజరునకు ఆతిథేయ యంత్రముగా ఫెడోరా 9 పనిచేయదు. ఆ యవసరము గలవారికి ఫెడోరా 8 యే చివరి విడుదల. ఆ సౌకర్యము మఱల ఫెడోరాలోనికి వచ్చుటకు 2011 నవంబరు వరకు, అనగా పదునాఱవ విడుదల వరకు, కాలము పట్టెను. నడుమ ఏడు విడుదలలు గడచినవి. ఈ విరామము అలసత్వమువలన కలిగినది కాదనియు, ఒక డిస్ట్రిబ్యూషను తన శక్తిని తానెఱిగి ప్రణాళిక వేసికొనుట యన నెట్లుండునో దీనివలన నేర్చుకొనదగినంత మఱెందువలనను నేర్చుకొనలేమనియు నా విశ్వాసము.

హైపర్‌వైజరు అనగా నేమో ముందుగా చెప్పికొనవలెను. ఒకే సర్వరులో పెక్కు ఆపరేటింగు సిస్టములు, ప్రతిదియు ఆ యంత్రమంతయు తనదే యని భావించుచు, ఏకకాలమున నడచునట్లు చేయు సాఫ్టువేరునకు హైపర్‌వైజరని పేరు. గోదావరి డెల్టాలో నీరు చాలని దినములందు కాలువ గట్టున నిలిచి వంతులవారీగా చేలకు నీరు వదలు లస్కరువలె, ఇది ప్రాసెసరు కాలమును, మెమరీని అతిథి యంత్రములకు పంచిపెట్టుచు, ఒకదాని వంతులోనికి మఱొకటి చొరకుండ కాపాడుచుండును. ఇందువలన పది సర్వర్లు కొనవలసిన సంస్థ ఒక్కదానితో పని గడపుకొనగలదు. అయితే ఈ లాభమునకు వెనుక నొక భయముకూడ నున్నది: అతిథి చెడినచో చెడునది అతిథి యొక్కటియే, ఆతిథేయ యంత్రము చెడినచో దానిపై నున్న అతిథులన్నియు నొక్కమారుగా కూలిపోవును. కావుననే ఆతిథేయపు బాధ్యతను స్వీకరించు డిస్ట్రిబ్యూషను, తక్కిన ప్యాకేజీలను చేర్చుకొన్నంత సులభముగా దీనిని చేర్చుకొనరాదు.

ఈ విద్య క్రొత్తది కాదు. ఐ.బి.ఎం. సంస్థ తన మహాయంత్రములపై 1972లోనే వి.ఎం./370 అను వ్యవస్థను వెలువరించియుండెను. కాని సామాన్య సర్వర్లలో వాడు ఇంటెల్ జాతి ప్రాసెసర్లు ఈ పనికి అనువుగా నిర్మింపబడినవి కావు. అతిథి చేయరాని పనిని చేయబోయినపుడు ప్రాసెసరు ఆగి, హైపర్‌వైజరునకు తెలియజేయుట న్యాయము. పెంటియం ప్రాసెసరులో ఈ న్యాయమునకు లొంగని ఆదేశములు పదునేడున్నవని 2000వ సంవత్సరమున పరిశోధకులు లెక్కించి చూపిరి. వానిలో పాప్-ఎఫ్ అను ఆదేశము నొక్కదానిని చూచిన చాలును. ఇంటరప్టులను ఆపుటకో, మఱల అనుమతించుటకో అధికారము లేని ప్రోగ్రాము ఈ యాదేశమును ప్రయోగించినచో, ప్రాసెసరు తప్పును పట్టదు, పనిని చేయదు, ఏమియు జరుగనట్లే ముందునకు సాగిపోవును. అతిథి తన పని నెరవేరినదనుకొనును. హైపర్‌వైజరునకు అట్టి కోరిక వచ్చినట్లే తెలియదు.

ఈ చిక్కును విడదీయుటకు ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు కంప్యూటరు ప్రయోగశాలలో ఇయన్ ప్రాట్, కియర్ ఫ్రేజరు మొదలగువారు వేఱొక త్రోవ త్రొక్కిరి. 2003లో వారు లోకమునకు వెల్లడించిన జెన్ హైపర్‌వైజరునందు, అతిథిగా నడచు ఆపరేటింగు సిస్టమును మోసపుచ్చు ప్రయత్నము లేదు. నీవు అతిథివి సుమాయని దానికి తెలియజేసి, చిక్కు ఆదేశములకు బదులుగా హైపర్‌వైజరును నేరుగా అర్థించునట్లు దాని హృదయమైన కెర్నెలునే దిద్దిరి. ఈ పద్ధతికి ప్యారావర్చువలైజేషనని పేరు. దీనివలన వేగము గణనీయముగా పెరిగెను. అంతకంటె ముఖ్యముగా, జెన్ తాను చిన్నదిగా నుండదలచెను. డిస్కులను, నెట్‌వర్కు కార్డులను నడపు డ్రైవర్ల భారమును తాను మోయక, తనతోపాటు మొట్టమొదట లేచు నొక విశేషాధికారము గల అతిథికి ఆ పనిని ఒప్పగించెను. ఆ ప్రథమాతిథియే డామ్-0. తక్కిన సామాన్యాతిథులు డామ్-యు లు. లోకములో నున్న సమస్త పరికరములకును డ్రైవర్లు లినక్సులో నుండగా మఱల వ్రాయనేల అను నీ యాలోచన ఎంత తెలివైనదో, తరువాతి కష్టమునకంతకును అంత మూలమైనది.

ఏలననగా, డామ్-0 గా నడచు లినక్సు ఒకేసారి రెండు అవస్థలయందుండవలెను. ప్రాసెసరు విషయమున, మెమరీ విషయమున అది పరాధీనమైన అతిథి. పరికరముల విషయమున యజమాని. సామాన్యాతిథికి తన మెమరీ సున్న మొదలుకొని వరుసగా నున్నట్లు తోచును; వాస్తవమున దాని పేజీలు యంత్రపు మెమరీలో చెల్లాచెదరుగా నుండవచ్చును. ఆ భ్రమవలన సామాన్యాతిథికి నష్టము లేదు. కాని డిస్కు కంట్రోలరునకు ఈ భ్రమతో పనిలేదు; అది ప్రాసెసరు ప్రమేయము లేకుండ నేరుగా మెమరీలో వ్రాయునపుడు దానికి యథార్థమైన చిరునామాయే కావలెను. డామ్-0 దృష్టిలో ప్రక్కప్రక్కన నున్న రెండు పేజీలు యంత్రమున ఎక్కడెక్కడనో యున్నచో, కంట్రోలరు మొదటి పేజీని దాటి వ్రాయబోయి పరుల మెమరీని పాడుచేయును. అందుచేత వరుసగా నున్నట్లు ఏర్పఱచిన వేఱొక తావునకు ఆ సమాచారమును తెప్పించి, అక్కడినుండి నకలు తీసికొను ఏర్పాటు కావలసివచ్చును. ఇంటరప్టుల సంగతియు నిట్టిదే. వానిని ఏ ప్రాసెసరునకు పంపవలయునో నిర్ణయించు చిప్పు హైపర్‌వైజరు వశములో నుండును. ఏ పరికరమునకు ఏ యింటరప్టు చెందునో తెలుపు ఏ.సి.పి.ఐ. పట్టికలను పూర్తిగా చదివి అర్థము చేసికొనగల నేర్పు మాత్రము లినక్సునందున్నది. ఒకరి చేతి అధికారమునకు మఱొకరి కంటి చూపు తోడు కావలెను. ఈ తోడ్పాటునకై లినక్సు కెర్నెలులో మిక్కిలి లోతైన తావులయందు మార్పులు చేయక తప్పలేదు.

ఆ మార్పులే ప్యాచుల రూపమున, ప్రధాన కెర్నెలునకు వెలుపల, యేండ్ల తరబడి నిలిచిపోయినవి. ఫెడోరా 2005 జూనులో వచ్చిన ఫెడోరా కోర్ 4 నాటినుండియే జెన్‌ను అందించుచుండెను. 2006 సెప్టెంబరులో వెలువడిన 2.6.18 కెర్నెలును ఆధారముగా చేసికొని జెన్ కర్తలు తమ ప్యాచులను పోషించుచుండిరి. ప్రధాన కెర్నెలు మాత్రము రెండుమూడు నెలల కొకమారు క్రొత్తరూపు దాల్చుచు ముందునకు పోవుచుండెను. రెడ్ హ్యాట్ సంస్థవారి ఎంటర్‌ప్రైజ్ లినక్సు 5, 2007 మార్చిలో అదే 2.6.18 కెర్నెలుతో వచ్చి, తన జీవితకాలమంతయు ఆ కెర్నెలును విడువలేదు గనుక, ఆ ప్యాచులు దానికి చక్కగా నతికినవి. ఫెడోరా ధర్మము వేఱు. ఆఱు నెలల కొకమారు సరికొత్త కెర్నెలుతో వెలువడుటయే దాని జీవము. కనుక ప్రతి విడుదలకును, 2.6.18 నాటి ప్యాచులను అప్పటి కెర్నెలునకు తగినట్లు ఎవరో యొకరు కూర్చుండి మఱల కుట్టవలసి యుండెను. మాతృక మారినకొలది కుట్టు కష్టతరమయ్యెను. ఫలితముగా ఫెడోరాలో రెండు కెర్నెళ్లు వెలసినవి: యంత్రముపై నేరుగా నడచునది యొకటి, జెన్‌పై నడచునది వేఱొకటి. 2007 నవంబరులో ఫెడోరా 8 వెలువడునాటికి మొదటిది 2.6.23 కాగా, రెండవది 2.6.21 వద్దనే వెనుకబడియుండెను.

ఈ రెండు మెట్ల వ్యత్యాసము చూచుటకు స్వల్పము. అనుభవించువారికి స్వల్పము కాదు. ఒక భద్రతాలోపము బయటపడినపుడు దానికి చికిత్స రెండు కెర్నెళ్లలోను వేర్వేరుగా చేయవలెను. క్రొత్త కెర్నెలునకు వ్రాసిన చికిత్స పాతదానికి సరిపడునన్న నమ్మకము లేదు. క్రొత్త నెట్‌వర్కు కార్డు మామూలు కెర్నెలుతో పనిచేసి, జెన్ కెర్నెలుతో పనిచేయకపోవచ్చును. వాడుకరి దోషమును తెలిపినపుడు అది జెన్ దోషమా, ప్యాచి కుట్టినవాని దోషమా, పాత కెర్నెలునందుండి క్రొత్తదానిలో నిదివఱకే సరిదిద్దబడిన దోషమా యని తేల్చుటకే దినములు పట్టును. ప్యాచులను కుట్టుపనిలోనే శక్తియంతయు వ్యయమగు ఇంజనీర్లకు, ఆ ప్యాచుల అవసరమే లేకుండ చేయగల పనికి తీరిక యెక్కడిది? నా దృష్టిలో ఈ వ్యవహారమున కంతకును ఇదియే కీలకము. ఒక సౌకర్యము జాబితాలో నున్నంతమాత్రమున అది యున్నట్లు కాదు. దానిని పోషించు చేతులు ఎన్ని, ఆ చేతులు నేడు ఏ పనిలో చిక్కియున్నవి యను ప్రశ్నకు ప్రణాళికలో సమాధానముండవలెను.

ఫెడోరా 9కి ప్రణాళిక వేయువారు ఆ ప్రశ్నను తప్పించుకొనలేదు. అప్పటికి ప్రధాన కెర్నెలులోనే ఒక శుభపరిణామము కలిగియుండెను. జెన్ వర్గమువారును, వి.ఎం.వేర్ సంస్థవారును, ఐ.బి.ఎం.లో పనిచేయుచుండిన రస్టీ రసెల్‌ వంటివారును కూడి, ఏ హైపర్‌వైజరునకైనను ఒదుగునట్టి యొక సమాన మధ్యవర్తిత్వమును లినక్సులో నెలకొల్పిరి. పి.వి.-ఆప్స్ అను ఈ యేర్పాటువలన, చిక్కు ఆదేశము వచ్చిన ప్రతి తావునను కెర్నెలు ఒక పట్టికను సంప్రదించును; నేరుగా యంత్రముపై నున్నచో మామూలు ఆదేశమును, జెన్‌పై నున్నచో జెన్ అర్థనను ఆ పట్టిక అందించును. 2007 అక్టోబరునాటి 2.6.23 కెర్నెలులో ఈ మార్గముననే జెన్ సామాన్యాతిథి ప్రవేశించెను. డామ్-0 మాత్రము ఇంకను బయటనే యుండెను. ఇక ఫెడోరావారి యెదుట రెండే త్రోవలున్నవి: పాత ప్యాచులను మఱొకమారు కుట్టి, 2.6.25 ఆధారముగా రాబోవు విడుదలలో మఱల రెండు కెర్నెళ్ల బండి లాగుట యొకటి. ఆ ప్యాచులను విడిచి, ప్రధాన కెర్నెలులో నున్న అతిథి సౌకర్యమును మాత్రమే యిచ్చి, ఆతిథేయమును అది పక్వమగువఱకు వాయిదా వేయుట రెండవది. వారు రెండవదానిని ఎన్నుకొనిరి.

ఫెడోరాలో ప్రతి క్రొత్త లక్షణమునకు ఒక ప్రణాళికాపత్రము వ్రాయు సంప్రదాయముండెను. బాధ్యత వహించువారెవరు, పని ఎంతవఱకు వచ్చినది, దానిని పరీక్షించు విధమెట్టిది, సకాలమున పూర్తికాకున్న ప్రత్యామ్నాయమేమి యని అందులో స్పష్టముగా తెలుపవలెను. ఈ నాలుగింటిలో చివరిదానిపై నాకు గౌరవ మెక్కువ. అనుకొన్నది కాకపోయిన నేమి చేయుదుమని పని మొదలిడుటకు ముందే వ్రాసియుంచుట వలన, గడువు దగ్గఱపడినపుడు ఆవేశమునకును, ఆత్మాభిమానమునకును తావుండదు. సగము పనిచేయు ఆతిథేయమును విడుదల చేయుటకంటె, ఈ విడుదలలో లేదని చెప్పుట మేలని అప్పుడు అందఱకును సులభముగా తోచును.

అయినను ఈ నిర్ణయపు మూల్యమును చెల్లించినది ఎవరు? వాడుకరులు. ఫెడోరా విడుదల కాయుర్దాయము పదుమూడు నెలలకు అటునిటు మాత్రమే. ఫెడోరా 8కి 2009 జనవరిలో భద్రతాసవరణలు ఆగిపోయినవి. దానిపై జెన్ ఆతిథేయమును నడపువారు ఆ లోపల త్రోవ వెదకుకొనవలసివచ్చెను. ఎంటర్‌ప్రైజ్ లినక్సు 5కో, దానితో సమానమగు సెంట్‌ఓఎస్ 5కో మారినవారికి స్థిరత్వము లభించినది. ఆ వంశమునకు 2017 మార్చి వఱకు సవరణలు అందినవి. క్రొత్తదనమునకై ఫెడోరాను వరించినవారికి మాత్రము ఆ స్థిరత్వము పాత కెర్నెలుతో ముడిపడిన స్థిరత్వమే గదా.

మఱొక త్రోవ కె.వి.ఎం. ఇది ఇజ్రాయెలుకు చెందిన కుమ్రానెట్ సంస్థలో ఆవి కివిటి ప్రారంభించిన పని. 2005 చివరను ఇంటెల్, 2006లో ఏ.ఎం.డి. సంస్థలు తమ ప్రాసెసర్లలోనే అతిథి యంత్రములకు కావలసిన సదుపాయమును చేర్చినవి. ఆ సదుపాయమును ఆధారము చేసికొని కె.వి.ఎం. లినక్సు కెర్నెలునే హైపర్‌వైజరుగా మార్చివేసెను. ప్రత్యేకముగా వేఱొక పొర లేనందున డామ్-0 కష్టములేవియు దీనికి లేవు. ఇది 2007 ఫిబ్రవరినాటి 2.6.20లోనే ప్రధాన కెర్నెలున చేరెను. ఆ మే నెలలో వచ్చిన ఫెడోరా 7 దీనిని అందించెను. 2008 సెప్టెంబరులో రెడ్ హ్యాట్ కుమ్రానెట్‌నే కొనివేసెను. ఈ వరుసను చూచి, రెడ్ హ్యాట్ తన స్వార్థమునకై ఫెడోరాలో జెన్‌కు ద్వారము మూసినదని అనుమానించువారు కలరు. ప్యాచుల చరిత్రను పైని చెప్పినట్లు పరిశీలించినచో ఆ యనుమానము నిలువదని నేననుకొందును: ఆ క్రయమునకు ముందే ఫెడోరా 9 వెలువడియున్నది, రెండు కెర్నెళ్ల భారము అంతకు పూర్వమే దుస్సహమైనది.

కాని జెన్‌నుండి కె.వి.ఎం.కు మారుట వస్త్రము మార్చుకొనునంత సులువు కాదు. 2006కు ముందు కొన్న సర్వర్లలో పెక్కింటికి ప్రాసెసరు సదుపాయమే లేదు, వానిపై కె.వి.ఎం. నడువనే నడువదు. జెన్ గొప్పతనము అట్టి యంత్రములపై పనిచేయుటయందే యున్నది. మంచి యంత్రము గలవారికైనను, జెన్‌కై దిద్దిన కెర్నెలుతో లేచుటకు అలవాటుపడిన అతిథికి మామూలు కెర్నెలును, దానిని లేపు బూట్‌లోడరును క్రొత్తగా స్థాపింపవలెను. డిస్కుల పేర్లు మారును. పాత పేర్లను నమ్ముకొన్న లిఖితములన్నియు తప్పును. రెండు హైపర్‌వైజర్లనును ఒకే తీరున నడపగల లిబ్‌వర్ట్ అను పనిముట్టు అప్పటికే ఫెడోరాలో నుండుట కొంత ఊరట. ఈ వలస విధానమును అడుగడుగునను వివరించు పత్రము, సౌకర్యమును తీసివేయు ప్రకటనతోపాటే వాడుకరి చేతికి రావలెనని నేను గట్టిగా చెప్పుదును. తీసివేయుటకు పడిన శ్రమలో నాలుగవ వంతైనను దారి చూపుటకు పడవలెను.

తక్కిన డిస్ట్రిబ్యూషనులు ఎవరి త్రోవ వారు చూచుకొన్నవి. సూసే సంస్థ ప్యాచులను క్రొత్త కెర్నెళ్లకు కుట్టు భారమును తానే మోసెను. డెబియన్ 2009లో అట్టి కుట్టుపై ఆధారపడి, 2011 ఫిబ్రవరి విడుదలకు పి.వి.-ఆప్స్ శాఖకు మారెను. ఆ శాఖను నడపినది జెరెమీ ఫిట్జ్‌హార్డింజ్. 2009లో ఆయన డామ్-0 ప్యాచులను ప్రధాన కెర్నెలునకు సమర్పించినపుడు తీవ్రమైన ఆక్షేపణ వచ్చెను. ఒక హైపర్‌వైజరు కొఱకై ఇంటెల్ జాతి యంత్రములకు మూలమైన కోడులో నలుమూలల షరతులు చొప్పించినచో, జెన్‌తో సంబంధమే లేని కోట్లాది యంత్రములు ఆ బరువును మోయవలెనా యని ఇంగో మోల్నార్ మొదలగు సంరక్షకులు ప్రశ్నించిరి. ప్రశ్న న్యాయమైనది. దాని ఫలితముగా, మూలమును వీలైనంత తక్కువగా తాకుచు, పని యంతయు జెన్‌కు చెందిన తావులలోనే జరుగునట్లు ఆ ప్యాచులను మఱల వ్రాసిరి. ఒరాకిల్ సంస్థలోని కాన్రాడ్ విల్క్ దీనిని కడవఱకు నడిపించెను. 2011 జనవరినాటి 2.6.37లో డామ్-0 లేచి నిలువగలిగెను, మేనాటి 2.6.39లో అతిథులకు నెట్‌వర్కును పంచు భాగము, జులైనాటి 3.0లో డిస్కును పంచు భాగము చేరినవి. అప్పుడుగాని అది సంపూర్ణమైన ఆతిథేయము కాలేదు.

ఫెడోరా 16 ప్రణాళికలో జెన్ ఆతిథేయము మఱల చోటు సంపాదించినది ఈ దశలోనే. కెర్నెలు సిద్ధమైనంతమాత్రమున పని ముగియలేదు. జెన్ లేచునపుడు మొదట హైపర్‌వైజరును, దాని వెంట లినక్సును బూట్‌లోడరు మెమరీలోనికి తేవలెను. ఆ విడుదలలోనే ఫెడోరా పాత గ్రబ్‌ను విడిచి గ్రబ్ 2కు మారుచుండెను. కనుక జెన్ వరుసను బూట్ పట్టికలో తానై చేర్చు లిఖితము క్రొత్త బూట్‌లోడరుతో సరిగా పనిచేయుచున్నదా లేదా యని చూడవలసి వచ్చెను. జెన్ 4.1ను, దాని పనిముట్లను, లిబ్‌వర్ట్‌ను ఒకదానితో నొకటి పొసగునట్లు కూర్చవలసి వచ్చెను. 2011 నవంబరులో ఆ విడుదల 3.1 కెర్నెలుతో వెలువడినపుడు, జెన్‌కై ప్రత్యేకమగు కెర్నెలు ప్యాకేజీ యొకటి అందులో లేదు. ఏ కెర్నెలు యంత్రముపై నేరుగా నడచునో, అదియే జెన్‌పై ఆతిథేయముగాను, వేఱొక యంత్రమున అతిథిగాను నడచెను. ఒక పరికరమును డామ్-0 చేతినుండి విడిపించి నేరుగా అతిథికే అప్పగించు భాగముకూడ ఆ 3.1లోనే ప్రధాన కెర్నెలున చేరియుండెను. దానికై ఫెడోరావారు ప్యాచి యొక్కటియు కుట్టవలసిన పని లేకపోయెను.